ఒక్కసారే అడిగే ఇల్లు

మొన్న ఒక పెళ్ళి పిలుపు మీద తాండూరు వెళ్ళి, స్టేషన్ బయట ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా ఒక తోపుడు బండి. దాని మీద ఎర్ర అక్షరాలతో ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అని రాసి ఉంది, పక్కన డ్రాగన్ అనుకుని గీసిన తొండ ఒకటి. మూకుడులో ఏవో దారాలు ఎగరేస్తున్న నడివయసు మనిషి నన్ను చూసి, “నూడుల్సా, మంచూరియానా పెద్దమ్మా?” అన్నాడు. పెండ్లి భోజనం ఉంది, ఏమీ వద్దన్నాను. “పెండ్లి బువ్వ ఎప్పుడు వెడ్తరో ఏమో. జర్రంత తినుండ్రి, మంచిగ లేకుంటే పైసలియ్యకుండ్రి” అన్నాడు. రెండోసారి అడిగాడు కాబట్టి తిన్నాను. నా నోట్లోని పళ్ళన్నీ డబ్బిచ్చి కొనుక్కున్నవే, వాటికి ఆ దారాలు అనువుగానే ఉన్నాయి. ఉప్పూ కారం మనవి, పేరొక్కటే చైనాది. తింటూ చుట్టూ చూస్తే, నేను నిలబడ్డది దాదాపు మా పాత ఇంటి అరుగు దగ్గరే. ఇప్పుడక్కడ అరుగూ లేదు, ఇల్లూ లేదు, సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చైనా మాత్రం తిరిగి తిరిగి అదే చోటికి వచ్చి నిలబడింది.

పోలీసు చర్య అయిన ఏడాది వికారాబాదులో పుట్టాను నేను. మా నాయన అక్కడ మిషన్ బడిలో తెలుగు పంతులు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన్ని తాండూరుకు మార్చారు. కొండగాలి వదిలి రాళ్ళదుమ్ములోకి వచ్చి పడ్డామని మా అమ్మ గొణిగేది. తాండూరులో ఇంటి నేల బండలే, గోడలు బండలే, కూర్చోవడానికి, బట్టలుతకడానికి, పప్పు ఆరబోయడానికి అన్నీ బండలే. చివరికి బడిలో నా తెలివి కూడా ఆ కోవకే చెందుతుందని నాయన తేల్చాడు. పొద్దున్నే మా ఇంట్లో మొదట లేచేది వాసన. అవ్వ, అంటే నాయన తల్లి, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తట్టేది. రొట్టె పెనం మీద పడ్డాక అంచు మాడే వాసన, పక్క పొయ్యి మీద కందిపప్పులో పుంటికూర, అదే గోంగూర, ఉడికే పులుపు, బయటినుంచి రైలింజను బొగ్గు పొగ, ఈ మూడూ కలిస్తే మాకు తెల్లవారినట్టు. ఇంటిల్లిపాదికీ సరిపోయాక కూడా అవ్వ ఇంకో రొట్టె చేసి, మూతపెట్టి పక్కన ఉంచేది. “ఎవలన్న ఒస్తే?” అనేది. ఎవరూ తినేవారు కాదు. సాయంత్రానికి అది బర్రెకు పోయేది.

ఎవరూ ఎందుకు తినేవారు కారో చెప్పాలి. అవ్వ తల్లిదండ్రుల కాలంలో ఊరి చివరి వాడ నుంచి మిషన్ కాంపౌండుకు మారిన కుటుంబం మాది. పేర్లు మారాయి, బట్టలు మారాయి, నాయన పంతులయ్యాడు. ఊరివాళ్ళు మా గిన్నెల వైపు చూసే చూపు మాత్రం మారలేదు. నాయన దగ్గరికి అర్జీలు రాయించుకోవడానికి, పిల్లల చదువు గురించి అడగడానికి చాలామంది వచ్చేవారు, అరుగు మీద కూర్చునేవారు, ‘పంతులూ’ అని గౌరవంగానే పిలిచేవారు. అవ్వ గడప దగ్గరికి వచ్చి, “బువ్వ తినిపోరాదుండ్రి?” అనేది. “ఇప్పుడే తినొచ్చినమమ్మా” అనేవారు. అంతే. అవ్వ లోపలికి పోయేది. మళ్ళీ అడిగేది కాదు. ఒకసారి నేను తెలివిగా, “ఇంకోపాలి అడుగరాదే అవ్వా, ఆయన తినేటట్టే ఉన్నడు” అంటే నా చెవి పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. “ఒక్కపాలి అడుగుడు మన మర్యాద. రెండోపాలి అడిగితే గాయన ఎందుకొద్దో చెప్పాలె. గది ఆయన చెప్పొద్దు, మనమినొద్దు. సమజైందా?” అంది. నాకు సమజు కాలేదు. చెవి మండుతుంటే తల ఊపాను. మా ఇంటి రాజ్యాంగంలో మొదటి అధికరణం అది: అడగాలి, ఒక్కసారే అడగాలి.

ఆ అరుగు మీదికే వచ్చాడు చీనా డాక్టరు. ప్రతి అంగడినాడు, అంటే వారం వారం సంత జరిగే రోజున, హైదరాబాదు నుంచి పొద్దుటి రైలుకు దిగేవాడు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో, వయసు చెప్పలేని ముఖంతో ఉండేవాడు. పళ్ళు పీకడం, కట్టుడు పళ్ళు పెట్టడం ఆయన పని. స్టేషన్‌కు దగ్గరగా నీడ ఉన్న అరుగు మాదే కావడంతో, నాయనను అడిగి అక్కడ మడత కుర్చీ వేశాడు. కాలితో తొక్కితే గిర్రున తిరిగే సూది యంత్రం ఒకటి, పనిముట్ల పెట్టె ఒకటి ఉండేవి. సాయంత్రం పెట్టె పట్టుకుపోయేవాడు, కుర్చీ, యంత్రం మా అరుగు మూలన గోనెపట్టా కప్పుకుని వచ్చే అంగడిదాకా నిద్రపోయేవి. ఆయన అసలు పేరు నాయన ఎన్నోసార్లు అడిగి, ఎన్నోసార్లు పలికి, ప్రతిసారీ ఆయనతో నవ్వించుకుని, చివరికి అందరిలాగే ‘డాక్టర్ సాబ్’ దగ్గర స్థిరపడ్డాడు. నాయనే ఒక రేకు మీద ‘పండ్ల డాక్టర్’ అని రాసిచ్చాడు. మా ఇంటి పక్క జామపండ్ల బండి ఉండటంతో, పండ్లకు కూడా డాక్టరు వచ్చాడా అని పల్లెలవాళ్ళు ఆగి చూసేవారు. బషీరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళు చెంప పట్టుకుని “హల్లు, హల్లు” అని మూలిగేవారు. కన్నడంలో పన్నును అలాగే అంటారు. నాయనకు ఇది పండగ. అవ్వ ముందుపళ్ళు ఊడిన రోజుల్లో, “అమ్మకు హల్లులన్నీ పోయినయి, అచ్చులు మిగిలినయి” అని ఒకటే నవ్వు. నా మాటల పిచ్చి ఆ అరుగు మీద అంటుకున్నదే. తర్వాత మందు దొరకలేదు.

మధ్యాహ్నం రోగుల సందడి తగ్గాక అవ్వ గడప దగ్గరికి వచ్చేది. “డాక్టర్ సాబ్, ఖానా తినుండ్రి.” ఆయన చటుక్కున లేచి, ఒక చేతి పిడికిలి మీద ఇంకో అరచెయ్యి మూసి, నడుము కాస్త వంచి, “నై నై అమ్మా. తక్లీఫ్ నక్కో” అని, శ్రమ పడొద్దనేవాడు. అవ్వ ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. లోపలికి వచ్చి మూకుడు మీద మూత సర్దేది. ఆయన కాసేపటికి నన్ను పిలిచి, “బేటీ, గరం పానీ” అనేవాడు. మా కుండలో చల్లటి నీళ్ళున్నా, మండుటెండలో కూడా, మరగకాచిన నీళ్ళే అడిగేవాడు. నేను కాచి తెచ్చిస్తే ఊదుకుంటూ తాగేవాడు. అవ్వ ఇది చూసి ఒకనాడు అమ్మతో అంది, “సూసినవా, మన నీళ్ళు గూడ నిప్పుల మీద కడిగినంకనే తాగుతుండు.” ఊదుకుని తాగే ఆ నీళ్ళు వాళ్ళ దేశంలో ఇంటింటా తాగే నీళ్ళేనని మాకెవరు చెప్పాలి?

మనిషి మాత్రం మంచివాడు. వచ్చేటప్పుడల్లా కమలాపండ్లో, బిస్కెట్లో తెచ్చి రెండు చేతులతో నాకిచ్చేవాడు. నేను మొదటిసారికే గుంజుకునేదాన్ని. అవ్వకు దవడ వాచి, అన్నం కూడా నమలలేక రెండు రోజులు ఏడ్చినప్పుడు, ఆ అంగడినాడు మిగతా రోగులందరినీ ఆపి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. పుచ్చిపోయిన పన్ను పీకి, నెత్తురు తుడిచి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని తానే గ్లాసు నోటికి అందించాడు. ఫీజు అడిగితే చెవులు మూసుకున్నాడు. మరుసటి అంగడికి అవ్వ ప్రాణం పెట్టి వండింది. నాటుకోడి, జొన్నరొట్టె, నువ్వుల పొడి. గడప దగ్గరికి వచ్చి అడిగింది. ఆయన లేచాడు, పిడికిలి మూశాడు, “నై నై అమ్మా” అన్నాడు. అవ్వ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నాయనతో అంది: “నోట్లె చెయ్యి వెట్టిండు కొడుకా. నా చేతి బువ్వ తినడు.”

తర్వాత ఇంకో మాట అంది. ఆ మాటే మా నాయనను పుస్తకాల వేటకు తోలింది. “గంత దూరం దేశంల గూడ మనసొంటోళ్ళున్నరా? బుక్కులు సదివినవు గద, సూసి చెప్పు. ఉంటే ఉన్నరని చెప్పు. లేకుంటే గీయనకెవరు నేర్పిండ్రో చెప్పు.”

డాక్టర్ సాబ్‌నే అడగొచ్చు కదా అని మీరనొచ్చు. వద్దనడానికి కారణం అడగకూడదన్నదే కదా మా ఇంటి మొదటి అధికరణం అంతరార్థం. పైగా నాయనకూ ఆయనకూ మధ్య ఉన్న ఉర్దూ, బజారు ధరలకు, పంటి నొప్పికి సరిపోయేదే గాని అంతకుమించి లోతుకు దిగేది కాదు. ఇంటి సంగతులు అడిగితే, “ఘర్ మే సబ్ అచ్ఛా” అని నవ్వేవాడు. అందుకని నాయన సెలవుల్లో నన్ను వెంటేసుకుని వికారాబాదు వెళ్ళి మిషన్ బంగళాలోని అద్దాల బీరువా తెరిపించాడు. చైనా మీద అక్కడ పుస్తకాలు బాగానే ఉన్నాయి, అన్నీ దొరలు, దొరసానులు రాసినవి. గోడ ఎంత పొడవో ఉంది, కరువులో ఎలా చనిపోయారో ఉంది, ఆడవాళ్ళ పాదాలు ఎలా కట్టేవారో బొమ్మలతో సహా ఉంది, ఎందరికి బాప్తిస్మం ఇచ్చారో ఉంది. ఒక ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటే ఏం పెడతారో, వద్దంటే ఏం చేస్తారో ఒక్కదాంట్లోనూ లేదు. రాసినవాళ్ళంతా గుమ్మం బయటే నిలబడి రాశారు. తర్వాత కొన్నాళ్ళకు తెల్లటి కాగితం మీద, రంగు అట్టలతో, చౌకగా తెలుగులో చైనా పుస్తకాలు రావడం మొదలయ్యాయి. నాయన ఆశగా తెచ్చాడు. వాటిలో అందరూ పొద్దున్నే లేచి కాలువలు తవ్వుతారు, సాయంత్రం దాకా తవ్వుతారు, ఆఖరి పేజీలో సూర్యోదయం అవుతుంది. నాయన పైకి చదువుతుంటే అవ్వ ప్యాలాలు చెరుగుతూ వినేది. “తవ్వుడైంది. బువ్వ ఎప్పుడు తింటరు?” అనేది. నాయన పేజీలు తిప్పి చూసి, “రాయలేదమ్మా” అనేవాడు. “తినకుండ ఎట్ల తవ్విండ్రురా?” అనేది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె ఆ పుస్తకాలకు చేసిన విమర్శను, నేను తర్వాత ఎన్ని సమీక్షలు రాసినా దాటలేకపోయాను.

అంతలో చైనాతో యుద్ధం వచ్చింది. రేడియో ఉన్న హోటలు ముందు జనం గుమిగూడేవారు. జామపండ్ల బండివాడు మా అరుగు వైపు చూసి, “గీ చీనోడు పండ్లు పీకుతుండా, ముచ్చట్లు పీకుతుండా?” అని గట్టిగా అనేవాడు. ఆ వారం అంగడికి ఒక్క రోగి కూడా రాలేదు. డాక్టర్ సాబ్ తన కుర్చీలో తానే కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం అవ్వ గడప దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే అడిగింది. ఆయన లేచి ఎప్పటిలాగే వద్దన్నాడు. అవ్వ లోపలికి వచ్చేసింది. ఆయన మాత్రం వెంటనే కూర్చోలేదు, గడప వైపు చూస్తూ కాసేపు నిలబడే ఉన్నాడు. ఇది నేను నిజంగా చూశానా, తర్వాత పుస్తకం చదివాక నా మనసు అతికించిందా అంటే, ప్రమాణం చేసి చెప్పలేను. ఆ తర్వాత ఆయన రాలేదు. ఇద్దరు పోలీసులు వచ్చి కుర్చీని తిప్పి తిప్పి చూసి, కుర్చీ ఏమీ చెప్పకపోవడంతో వెళ్ళిపోయారు. కలకత్తా పోయాడని ఒకరు, పట్టుకుపోయారని ఒకరు అన్నారు. నాయన హైదరాబాదు వెళ్ళి వెతికాడు. ఆయన ఉండే గదికి వేరే తాళం ఉంది. కుర్చీ, యంత్రం మా అరుగు మూలనే ఉండిపోయాయి. ప్రతి అంగడినాడు పొద్దున అవ్వ వాటి దుమ్ము తుడిచేది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అడగడం తక్కువ.

నేను హైదరాబాదులో టీచరు ట్రైనింగు చదువుతున్నప్పుడు దొరికింది ఆ పుస్తకం. ఆదివారం అబిడ్స్ రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరుస్తారు కదా, వాటి మధ్య అట్ట లేకుండా, మొదటి కాగితాలు కూడా లేకుండా పడి ఉంది. అందుకే దాని పేరు, రాసినామె పేరు నాకీనాటికీ తెలియవు. ఇంగ్లీషులో ఉంది. ఒక చైనా ఆడమనిషి తన పుట్టింటి గురించి రాసుకుంది. నేను తెరిచిన పేజీలో గోడా లేదు, కాలువా లేదు. ఆమె తల్లి చలికాలానికని జాడీల్లో ఆకుకూర ఊరేస్తోంది, జాడీ సరిగా కడగలేదని మేనత్తతో పోట్లాడుతోంది. అక్కడే నిలబడి నాలుగు పేజీలు చదివేశాను. ఇన్నేళ్ళూ నాయన వెతికిన గుమ్మం లోపలి మనిషి ఈమేనని అర్థమైంది.

సాయంత్రం రైలెక్కి తాండూరు దాకా చదువుకుంటూ వచ్చాను. నా ఇంగ్లీషు అప్పుడు ప్యాసింజరు బండిలాంటిది, ప్రతి మాట దగ్గరా ఆగేది. పొయ్యి దగ్గర ఒక దేవుడి బొమ్మ ఉంటుందట, ఏడాది చివర ఆయన పైకి వెళ్ళి ఇంటి గుట్లు చెప్పకుండా మూతికి తీపి పూస్తారట. నవ్వుకున్నాను. ఎండైనా వానైనా వేడినీళ్ళే తాగుతారట, చల్లనీళ్ళు కడుపుకు చెరుపని ముసలమ్మలు పిల్లల్ని కసురుతారట. నవ్వు కాస్త తగ్గింది. వికారాబాదు దాటాం. ఒక పొరుగాయన వాళ్ళింటికి వచ్చాడు. తల్లి భోజనానికి పిలిచింది. ఆయన వద్దన్నాడు. తల్లి మళ్ళీ పిలిచింది. మళ్ళీ వద్దన్నాడు. అప్పుడామె గిన్నె తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది, ఆయన కడుపునిండా తిన్నాడు. పిలిచిన వెంటనే కూర్చుంటే ఆకలిగొట్టు అనుకుంటారని, మర్యాద తెలిసినవాడెవడూ తొలి పిలుపుకు ఒప్పుకోడని రాసింది. అక్కడికి ఆగినా బాగుండేది. ఇంకో వాక్యం ఉంది. ఒక్కసారి మాత్రమే పిలిచి ఊరుకుంటే, నువ్వు మా ఇంట్లో తినడం మాకిష్టం లేదని చెప్పినట్టేనట.

ధారూరు స్టేషన్‌లో బండి చాలాసేపు ఆగింది. నేను పేజీ తిప్పలేదు. మేము ఇన్నేళ్ళూ ఆయన మమ్మల్ని దూరం పెట్టాడనుకున్నాం. ఆయన ఇన్నేళ్ళూ అదే అరుగు మీద, మా రొట్టెల వాసన మధ్య కూర్చుని, ఈ ఇంటివాళ్ళు నన్ను దూరం పెట్టారు అనుకుని ఉండాలి. అయినా ప్రతి అంగడికీ కమలాపండ్లతో వచ్చాడు. ఆయన మర్యాద గడపకు ఆ పక్క, మా మర్యాద గడపకు ఈ పక్క నిలబడి దణ్ణాలు పెట్టుకున్నాయి.

అవ్వకు చెప్పాలా వద్దా అని ఇల్లు చేరేదాకా తేల్చుకోలేదు. అప్పటికామెకు చూపు తగ్గింది, పప్పులో రాళ్ళు వేళ్ళతో ఏరుతోంది. నాయన అంతకు ముందు ఏడాదే పోయాడు, ఈ పుస్తకం చూడకుండానే. చెప్పకపోతే ఆమెలో ఆ పాత నొప్పి అలాగే ఉంటుంది. చెబితే ఇంకో నొప్పి మొదలవుతుంది. పక్కన కూర్చుని, తెలుగు చేసుకుంటూ ఆ పేజీ చదివాను. వేళ్ళు ఆగాయి.

“ఇంకోపాలి సదువు” అంది. చదివాను.

“అంటే, తింటడా ఆయన?”

“తినేటోడే అవ్వా. నువ్వు మళ్ళ అడిగితే తినేటోడు.”

“మన బువ్వే?”

“మన బువ్వే.”

ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. అంతలోనే ఆ వెలుగు తగ్గింది. అరుగు మూలన కుర్చీ ఉన్న వైపు తల తిప్పింది. “అయితే, గన్ని దినాలు ఆకలితోనే కూసున్నడా బిడ్డా? నా ఇంటి ముందల?” అంది.

ఇప్పుడు కాలం మారిందంటారు. బండి మీద ఎవరు వండినా తింటున్నాం, ఎవరని అడగకుండా తింటున్నాం. ఇంటికి పిలిస్తే మాత్రం కొందరికి హఠాత్తుగా షుగరు గుర్తొస్తుంది. కారణం పోయిందో, పేరు మార్చుకుందో నాకు తెలియదు. చైనా గురించి కావలసినన్ని పుస్తకాలు దొరుకుతున్నాయి, లోపలివాళ్ళు రాసినవే, ఫోనులో కూడా. నా అల్మారాలో ఒక అర నిండా అవే. చదవాల్సిన ఇద్దరూ లేరు. తినాల్సిన ఒక్కడు ఎక్కడ పోయాడో తెలియదు.

ఆ పేజీ విన్న తర్వాత అవ్వ ఇంకా కొన్నేళ్ళు బతికింది. ఇంటి రాజ్యాంగాన్ని తానే సవరించింది. ఎవరొచ్చినా గోడ పట్టుకుని గడప దగ్గరికి వచ్చి అడిగేది, వద్దంటే అక్కడే నిలబడి మళ్ళీ అడిగేది. కొందరు సిగ్గుపడుతూ తిన్నారు. కొందరు, ఆమె ఇన్నాళ్ళూ వినకూడదనుకున్న ఆ కారణాన్ని, నేల చూస్తూ చెప్పారు. అవ్వ విన్నది. విని, లోపలికి వచ్చి, రొట్టె మీద మూత సర్ది, తర్వాత వచ్చిన మనిషిని కూడా రెండోసారి అడిగింది.